నలుగురి పాటలో ఐదవవాని స్వరము

ఆంధ్ర సంఘపు సంచికలో జపాను దేశపు రాక్ సంగీతమును గూర్చి వ్రాయుటయా యని పాఠక మహాశయులు ఆశ్చర్యపడవచ్చును. ఒడిశాలోని బరంపురమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన నాకు ఆ సంగీతమున పాండిత్య మేమియు లేదు. గడచిన వేసవిలో మా మనుమడు తన ఫోనులో ఒక వీడియోను చూపి, "తాతయ్యా, వీళ్ళ వేషాలు చూడండి" అని నవ్వెను. మొదట నేనును నవ్వితిని. రెండవమారు వినునప్పటికి నా నవ్వు ఆగిపోయెను. ఆ పాట పేరు 'ఐ.వి.' పాడినవారు ఎక్స్ జపాన్ బృందమువారు.

చిబా మండలమునందలి తతెయామా పట్టణమున పెరిగిన బాల్యమిత్రులు యోషికి, తోషి అనువారు 1982లో ఈ బృందమును నెలకొల్పిరి. యోషికి డ్రమ్ములను, పియానోను వాయించును, తోషి గాయకుడు. ముఖమునకు రంగులు పూసికొని, జుట్టును ఆకాశమునకు నిక్కబొడిచి, స్త్రీపురుష భేదము తెలియని అలంకారముతో పాడు పద్ధతికి జపానులో 'విజువల్ కెయి' యని పేరు. దృశ్యప్రధానమైన శైలి యని దాని భావము. 1989లో వెలువడిన వీరి 'బ్లూ బ్లడ్' సంపుటముపై ముద్రించిన నినాదము నుండియే ఆ పేరు పుట్టినదని చెప్పుదురు.

పురుషులు పెదవులకు రంగు వేసికొనుట చూచి మనము ముక్కుపై వేలు వేసికొన నక్కరలేదు. 1629లో స్త్రీలు రంగస్థల మెక్కరాదని జపాను ప్రభుత్వము శాసించినది మొదలు, కబుకి నాటకములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచున్నారు. మన కూచిపూడి భాగవతులు సత్యభామ జడను పట్టుకొని రంగమునకు వచ్చినప్పుడు మన పెద్దలు చేతులు జోడించిరి. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచినవారు ఆయన పురుషుడను మాటనే మరచిరని మా తండ్రిగారు చెప్పుచుండిరి. వేషము గొప్పదా కాదా యన్నది ప్రశ్న కాదు. ఆ వేషము వెనుక ప్రాణ మున్నదా యన్నదే ప్రశ్న.

ఈ పాటలో ప్రాణ మున్నది. దాని కథ ఇట్టిది. ఈ బృందము 1997 డిసెంబరు 31వ తేదీన టోక్యో డోమునందు తుది కచేరి చేసి విడిపోయెను. నాలుగు నెలలు దాటిన పిమ్మట, 1998 మే 2వ తేదీన, గిటారు వాయించు హిడె తన ముప్పదిమూడవయేట మరణించెను. పదేండ్లకు మిగిలినవారు మరల కలిసిరి. 2007 అక్టోబరు 22వ తేదీన టోక్యో సముద్రతీరమునందలి ఒదైబాలో ఒక భవనపు పైకప్పుపై ఈ వీడియోను చిత్రీకరించిరి. అందు యోషికి, తోషి, పాటా, హీత్ అను నలుగురే కలరు. కాని హిడె జీవించియుండగా వాయించిన గిటారు ధ్వనిని పాటలో కలిపిరి. కంటికి కనిపించువారు నలుగురు. చెవికి వినిపించువారు ఐదుగురు. ఈ పాటకు గల బలమంతయు ఈ లెక్కలోనే యున్నది. ఐదవవాని స్థానమున మరియొకని నిలిపి లోటును కప్పిపుచ్చలేదు, కన్నీటి ప్రదర్శనము చేయలేదు, వాయించుచు పోయిరి.

ఇక దోషములు. నరమునకు ఎక్కించు మందునకు వైద్యులు వాడు పొడి అక్షరములనే యోషికి పాటకు పేరుగా పెట్టెను. రోమను అంకెలలో అవి నాలుగును సూచించును. ఈ పాటను చేర్చిన 'సా' అను భీకర అమెరికా చిత్రము నాలుగవ భాగమే. ఇంతటి స్మృతి నిండిన గీతమును రక్తపాతపు చిత్రమునకు కొసముడిగా కట్టుట నాకు రుచింపలేదు. రెండవ లోపము భాష. వీరి 1989 నాటి 'ఎండ్‌లెస్ రెయిన్' పాటలో చరణములు జపాను భాషలో నుండి, పల్లవి మాత్రము ఆంగ్లములో నుండును. ఇంటిమాట ఇంటిలోను, వీధిమాట వీధిలోను నిలిచినట్లు ఆ పాట నాకు తోచును. ఈ పాటలోనో, ఇంచుమించు అంతయు ఆంగ్లమే. లోకమంతయు వినవలెనను కోరిక తప్పు గాదు. కాని ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగములో ఆంగ్లము మాటలాడుచు, ఏ భాషలో ఏడ్చుచున్నామో మనకే తెలియని మనవంటివారికి ఈ లోపము త్వరగా తెలియును.

అయినను ఈ పాట నాకొక పాఠము చెప్పినది. మా యౌవనమున మా సంఘమువారు ఏటేట హరిశ్చంద్ర నాటకములోని కాటిసీను ఆడుచుండిరి. నేను తెరవెనుక నిలిచి మాట అందించువాడను. మా హార్మోనియం విద్వాంసుడు కాలధర్మము చెందగా, ఆయన లేని నాటకము మాకేల యని గౌరవముతో దానిని మానివేసితిమి. కొన్నేండ్లకు పిల్లలు ఆడెదమని ముందుకు వచ్చిరి. ఏ పద్యము ఏ రాగమున ఎత్తుకొనవలెనో చెప్పగలవారు అప్పటికి ఒక్కరును మిగులలేదు. ఆయన వాయించినది ఒక్క టేపులోనైన మేము పట్టియుంచలేదు. మేము భక్తి యనుకొన్నది మరపునకు వేసిన బాట యయ్యెను. జపాను కుర్రవాండ్రు పోయినవాని పేరు చెప్పి పాట మానలేదు. పోయినవానితో కలిసియే పాడిరి.

ఆ వీడియోలో కనిపించు హీత్ కూడ 2023 అక్టోబరులో గతించెను. నాడు నలుగురుగా కనిపించిన చిత్రమున నేడు సజీవులు ముగ్గురే. చిత్రము మారలేదు, దాని బరువు పెరిగినది. మొన్న మా మనుమని పిలిచి, నాకు జ్ఞాపకమున్న పద్యములు నాలుగు, నా బొంగురు గొంతుతోనే, వాని ఫోనులోనికి పాడితిని. రాగము సరిగా లేదు. అయినను వాడు నవ్వలేదు.