వణుకు వెనుక దాగిన నడక
పార్కిన్‌సన్ వ్యాసముపై ఒక విమర్శ

వైద్య గ్రంథములలో పరిమాణమున చిన్నదయ్యును ప్రభావమున పెద్దదైన పుస్తకమొకటి కలదు. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817 లో ప్రకటించిన "వణుకు పక్షవాతమును గురించిన వ్యాసము" అదియే. దానికి ఆధారము ఆరుగురు రోగులు మాత్రమే. వారిలో కొందరిని ఆయన వీధిలోనే చూచెను. అయినను రోగి మొండెము ముందుకు వంగుట, నడక తనకు తానే పరుగుగా మారుట ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. ఇట్టి పరిశీలన ప్రశంసనీయము.

కాని గ్రంథమునకు పెట్టిన పేరు చదువరి చూపును చేతివైపు లాగుచున్నది. మన "కంపవాతము" అను పేరునకును ఇదే లోపము కలదు. ఈ వ్యాధి గలవారందరికిని వణుకు ఉండదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని తలుపుల వంటి ఊరిలో ఒక పెద్దాయన చేతులూపక, చిన్న చిన్న అడుగులతో కాళ్ళీడ్చుచు నడచినచో, "వయసు మీద పడినది" అని ఊరకుందురు. పడి తుంటి యెముక విరుగువరకు సంగతి బయటపడకపోవచ్చును. 1967 లో హోయెన్, యార్ అనువారు ఈ వ్యాధిని ఐదు దశలుగా విభజించిరి. అందు మూడవ దశకు గుర్తు వణుకు కాదు, నిలకడ తప్పుట.

వ్యాసమున రెండవ లోపము మరింత ముఖ్యమైనది. బుద్ధికి హాని కలుగదని పార్కిన్‌సన్ వ్రాసెను. అది పూర్తిగా నిజము కాదని నేడు తెలిసినది. మధ్య మెదడులోని నల్లని కణములు డోపమిన్ అను పదార్థమును తయారుచేయును. అవి నశించినకొలది, ఆలోచింపకయే సాగవలసిన నడకకు అవధానము అవసరమగును. అవధానము చెదరినచో అడుగు తడబడును. కనుక నడచుచున్న రోగిని మాటలలోనికి దింపరాదు, చేతికి నీళ్ళచెంబు ఇయ్యరాదు, గిరుక్కున తిరుగుమనరాదు. గడప వద్ద కాళ్ళు నేలకంటుకొన్నట్లు ఆగిపోవుటయు కలదు. నేలపై అడ్డగీతలు గీసినచో ఆగిన అడుగు సాగునని పర్డన్ మార్టిన్ 1967 నాటి తన గ్రంథమున తెలిపెను.

మందు లేదా యని విద్యార్థులు అడుగవచ్చును. దూలగొండి గింజల నుండి లెవోడోపాను 1937 లో మద్రాసున దామోదరన్, రామస్వామి అనువారు వేరుచేసిరి. 1960 దశకమున అదియే ఈ వ్యాధికి ముఖ్యమైన మందైనది. అది బిగువును, మందకొడితనమును తగ్గించునంతగా తూలుటను తగ్గింపదు. అందుకు నిలకడను పెంచు వ్యాయామము కూడ కావలెను. గింజలను సొంతముగా తినుట మాత్రము అపాయకరము. మోతాదు నిర్ణయింపవలసినది వైద్యుడు.

లోపములున్నను ఈ వ్యాసము నేటికిని చదువదగినదే. ఉపాధ్యాయులు విద్యార్థులకు అందలి పేరును కాక, వీధిలో పోవువాని అడుగును గమనించిన ఆ చూపును నేర్పవలెను.