బృహద్ధమని మూల మార్పిడి పద్ధతులు: వైరా కొలమానంతో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

గుండె నుంచి దేహమంతటికీ రక్తాన్ని చేర్చే బృహద్ధమని మొదలు ఉబ్బి పలుచబడితే చీలిపోయే ప్రమాదముంది. మార్ఫాన్ సిండ్రోమ్ వంటి జన్యులోపాలు గలవారికి ఈ స్థితి యౌవనంలోనే ఎదురుకావచ్చు. ఆ భాగాన్ని మార్చే పద్ధతులను వైద్యసాహిత్యం ప్రధానంగా మరణాలు, పునఃశస్త్రచికిత్సల లెక్కతో తూచుతుంది. రోగి నివసించే చోటును కూడా కొలమానంగా స్వీకరించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పద్ధతులు - గుణదోషాలు

1968లో హ్యూ బెంటాల్, ఆంటోనీ డి బోనో ప్రకటించిన పద్ధతిలో కృత్రిమ కవాటం అమర్చిన గొట్టాన్ని మూలస్థానంలో కుట్టి, గుండెకు రక్తమిచ్చే ధమనుల ముఖాలను దానికి కలుపుతారు. తొలి రూపంలో ఈ అతుకుల వద్ద లాగుడు పడి రక్తం కారే అవకాశముండేది. ధమనిముఖాలను గుండీల్లా కత్తిరించి కుట్టే సవరణతో ఆ లోపం చాలావరకు తగ్గింది. యాంత్రిక కవాటం మన్నికైనదే కాని జీవితాంతం వార్ఫరిన్ తప్పదు. జంతుకణజాల కవాటానికి సాధారణంగా ఆ నిర్బంధం లేదు. అయితే అది యువదేహంలో త్వరగా శిథిలమవుతుంది. మాగ్ది యాకూబ్, టైరోన్ డేవిడ్ రూపొందించిన పద్ధతులు సొంత కవాటాన్నే నిలుపుతాయి. వాటికి కవాటం రెక్కలు బాగుండాలి, శస్త్రవైద్యునికి ప్రత్యేకానుభవం ఉండాలి. తర్వాత కవాటం మళ్ళీ కారవచ్చు.

వైరా కొలమానం

వార్ఫరిన్ ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే కవాటంపై గడ్డ. అందుకే ఐఎన్ఆర్ రక్తపరీక్ష పదేపదే చేయించాలి. వైరా పరిసరాల వ్యవసాయ కూలీ అందుకోసం ఖమ్మం వెళ్ళవలసివస్తే ఆ రోజు కూలి పోయినట్లే. తోటకూర, పాలకూర ఒక వారం విస్తారంగా తిని మరో వారం మానేస్తే వాటిలోని విటమిన్ కె వల్ల మందు పట్టు మారుతుంది. గర్భవతి విషయంలో వార్ఫరిన్ పిండానికి హాని చేయగలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదలకు గుండె శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది. కాని తర్వాతి దశాబ్దాల పరీక్షల భారం ఆపరేషన్ ఖర్చులో కనిపించదు.

ముగింపు

కనుక ఏ ఒక్క పద్ధతీ సర్వత్రా శ్రేష్ఠం కాదు. ధమని చీలిన అత్యవసరంలో ప్రాణం నిలపడమే తొలి ధర్మం. వ్యవధి ఉన్నప్పుడు మాత్రం పరీక్ష ఎక్కడ చేయిస్తారు, సంతానం కోరుతున్నారా అన్న ప్రశ్నలు రోగి భాషలో అడిగాకే కవాటాన్ని ఎంచుకోవాలి. మండల స్థాయిలో ఐఎన్ఆర్ పరీక్షను శస్త్రచికిత్సకు అనుబంధంగా కాక, అందులో భాగంగానే పరిగణించాలి.