వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం

ఏటా ఫిబ్రవరిలో మా బ్యాండు లెక్కల పుస్తకంలో ఒక ఖర్చు పడుతుంది. డొమైన్ పేరుకీ, హోస్టింగ్‌కీ కలిపి నాలుగు వేల చిల్లర. ఈసారి ఆ అంకె దగ్గర మా డ్రమ్మర్ వేలు ఆగింది. మాలో అందరికన్నా చిన్నవాడు, చేరి ఏడాదిన్నర. "అన్నా, ఇన్‌స్టా ఉంది, యూట్యూబ్ ఉంది. ఈ వెబ్‌సైట్ ఎవరు చూస్తున్నరు? ఈ పైసలతోని రెండు జతల స్టిక్స్, ఒక స్నేర్ హెడ్ వస్తయి" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. మా సైటుకి నెలంతా కలిపి రెండు మూడు వందల మంది వస్తారు. ప్రాక్టీసు గదిలో అతను తీసి పెట్టిన అర నిమిషం రీలుని ఒక్క రాత్రిలో నలభై వేల మంది చూశారు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. పదకొండేళ్లుగా ఆ సైటు పని చూస్తున్నది నేనే కాబట్టి జవాబు నేనే బాకీ.

రీలు చేసే పని సైటు చేయలేదు. ఇది ముందే ఒప్పుకోవాలి. మా పేరే వినని మనిషి బస్సులో కూర్చుని ఫోను తిప్పుతుంటే మా పాట చెవిన పడటం అన్నది వెబ్‌సైటు వల్ల ఎన్నటికీ కాదు. అది ఎవరి దగ్గరికీ తనంతట తాను వెళ్లదు. తెలుగులో సొంత పాటలు కట్టుకునే బ్యాండ్లు నిలదొక్కుకున్నది యూట్యూబ్ పుణ్యానే. సినిమా పాట కాకపోతే వినేవాళ్లే లేరనుకునే చోట, చౌరస్తా బ్యాండు "ఊరెళ్లిపోతా మామ" అంటూ ఊరూరా వినిపించింది ఆ దారినే. కొత్త శ్రోతల కోసం వెబ్‌సైటు పెట్టుకుందామనుకునే బ్యాండు ఏదైనా నన్ను అడిగితే, వద్దనే చెబుతాను.

కానీ పాట వినడం ఒకటి, విన్న పాటని ఏళ్ల తర్వాత వెతుక్కోవడం ఇంకొకటి.

మైస్పేస్ పేరు ఇప్పటి పిల్లలకి తెలియదు. 2003లో మొదలైన సామాజిక మాధ్యమం అది. ప్రపంచం నలుమూలలా కొత్త బ్యాండ్లకి అదే ఇల్లూ వాకిలీ. 2005లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ దాన్ని 58 కోట్ల డాలర్లకి కొంది. పాటలు అక్కడ పెడితే చాలు, వేరే చోటెందుకని చాలామంది తమ సైట్లు మూసేసుకున్నారు. 2019 మార్చిలో ఒక కబురు బయటపడింది: సర్వర్లు మార్చే పనిలో, తొలి పన్నెండేళ్లలో జనం ఎక్కించిన పాటలన్నీ పోయాయి. కోటీ నలభై లక్షల మంది కళాకారులు, ఐదు కోట్లకు పైగా పాటలు అని అప్పట్లో పత్రికలు రాశాయి. అంతకు ముందెప్పుడో పరిశోధన కోసం కొందరు దించి పెట్టుకున్న నాలుగు లక్షల తొంభై వేల పాటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. మిగతావి, ఎవరి ఇంట్లోనైనా పాత డిస్కు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఐదు కోట్లలో గొప్ప పాటలు ఎన్ని అని నేను అడగను. పద్దెనిమిదేళ్ల పిల్లలు గరాజుల్లో కూర్చుని మొదటిసారి రికార్డు చేసుకున్న పాటలవి. మా మొదటి పాట పోతే నాకెలా ఉంటుందో నాకు తెలుసు.

మన దగ్గరా చూశాం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లని ప్రభుత్వం నిషేధించింది. దాని కారణాలు దానివి. కానీ పల్లెల్లో పాడుకుంటూ, ఆడుకుంటూ అక్కడే పేరు తెచ్చుకున్నవాళ్లకి తమ అభిమానులతో ఉన్న దారం ఒక్కసారిగా తెగింది. 2024 జనవరి ఆఖరున పాటల యాప్ రెస్సో మూతపడింది, అదే ఏడాది వింక్ కూడా.

మా సంగతి ఇంకా చిన్నది. ఒక సామాజిక మాధ్యమంలో మా పేజీకి పద్దెనిమిది వేల మంది ఉండేవారు. దాన్ని చూసుకునే మా మిత్రుడి ఖాతాని ఎవరో దొంగిలించారు. ఫిర్యాదు పెడితే యంత్రం జవాబిచ్చింది, మళ్లీ పెడితే మళ్లీ యంత్రమే. పేజీ తిరిగి రాలేదు. ఆ రాత్రి నాకు బాధ కలిగించింది పేజీ పోవడం కాదు. పద్దెనిమిది వేల మందిలో ఒక్కరి పేరు గానీ, ఊరు గానీ మా దగ్గర లేకపోవడం. ఆరేళ్లు మా పాట విన్నవాళ్లని మేము ఒక అంకెగా తప్ప మరోలా ఎరగం.

ఆ తర్వాతి కార్యక్రమం నుంచి వేదిక పక్కన ఒక లాంగ్‌బుక్కు పెట్టడం మొదలుపెట్టాం. పేరు, ఊరు, ఫోను నంబరు. సైటులో కూడా అదే మూడు గళ్లు. ఈమెయిల్ అడగము. మనవాళ్లు ఈమెయిల్ ఆఫీసు పనికే తెరుస్తారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, అది కూడా మన నంబరుని తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఊరి పేరుతో జాబితాలు విడగొట్టాం. కొన్నాళ్లకి చూస్తే కరీంనగర్ జాబితాలో అరవై పేర్లున్నాయి. అప్పటిదాకా ఆ ఊళ్లో మేము ఒక్కసారీ పాడలేదు. ఆ అరవై మంది ధైర్యంతోనే అక్కడ ఒక చిన్న హాలు మాట్లాడుకున్నాం.

ఇది మేము కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండ్‌లో మారిలియన్ అనే బ్యాండు ఉంది. 1997లో అమెరికా పర్యటనకి వాళ్ల దగ్గర డబ్బు లేకపోతే, ఇంటర్నెట్‌లో ఒకరికొకరు తెలిసిన అభిమానులే 60 వేల డాలర్లు పోగుచేసి రప్పించుకున్నారు. ఆ అనుభవంతో 2001 నాటి ఆల్బమ్‌కి రికార్డింగ్ మొదలుపెట్టకముందే శ్రోతల్ని నేరుగా అడిగితే, 12 వేల మందికి పైగా ముందే డబ్బు కట్టేశారు. వినేవాళ్లెవరో తెలిసిన బ్యాండు కాబట్టి అడగగలిగింది.

నన్ను ఈ పనిలోకి దింపింది మాత్రం ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్. 2010లో వాళ్లు "16/330 ఖజూర్ రోడ్" పాటల్ని నెలకొకటి చొప్పున తమ వెబ్‌సైటులో పెట్టి, ఉచితంగా దింపుకోమన్నారు. కరోల్‌బాగ్‌లో ఏళ్ల తరబడి వాళ్లు సాధన చేసుకున్న పాత బంగళా చిరునామానే ఆ ఆల్బమ్ పేరు. అంతకు ముందు డిసెంబరులోనే అసీమ్ చక్రవర్తి పోయాడు. ఆయన గొంతు, ఆయన తబలా ఆ పాటల్లో ఉన్నాయి. నెల తిరిగేసరికి కొత్త పాట కోసం నేను వాళ్ల గుమ్మంలోకే వెళ్లేవాణ్ణి, మధ్యలో ఇంకెవరూ లేరు. నడుస్తుందో ఆగుతుందో తెలియని నెట్ కనెక్షన్ మీద ఒక్కో పాట దిగేదాకా కళ్లార్పకుండా కూర్చున్న రాత్రులు గుర్తున్నాయి. ఆ ఫైళ్లు నా హార్డ్‌డిస్కులో ఇప్పటికీ ఉన్నాయి.

అలాగని సైటు శాశ్వతమని ఎవరైనా అంటే నమ్మవద్దు. డొమైన్ "కొన్నాం" అంటాం గానీ అది కొనడం కాదు, కౌలు. ఒక విడతకి పదేళ్లకు మించి ఇవ్వరు. మా మొదటి డొమైన్‌ని అప్పట్లో గిటార్ వాయించే మిత్రుడు తన పేరు మీద, తన ఆఫీసు ఈమెయిల్‌తో తీసుకున్నాడు. అతను ఉద్యోగం మారి అమెరికా వెళ్లాడు. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ పాత పెట్టెలోకి వెళ్లాయి. గడువు దాటాక కూడా సుమారు రెండు నెలలు విడిపించుకునే వీలుంటుంది, రెండో నెలలో జరిమానా ఎక్కువ. మాకు తెలిసేసరికి ఆ రెండు నెలలూ దాటిపోయాయి. పేరు వేరేవాళ్ల చేతికి వెళ్లింది. కాబట్టి బ్యాండు పెట్టుకునే పిల్లలకి నేను చెప్పే మొదటి మాట: డొమైన్ ఎవరి పేరు మీదుందో అందరికీ తెలియాలి, ఈమెయిల్ బ్యాండుది కావాలి, పాస్‌వర్డు కనీసం ఇద్దరి దగ్గరుండాలి. ఇంకొకటి, చూసుకునే మనిషి లేకపోతే సైటు పెట్టకండి. "రాబోయే కార్యక్రమాలు" కింద నాలుగేళ్ల కిందటి తేదీ కనిపిస్తే, ఆ బ్యాండు విడిపోయిందనే అనుకుంటారు.

మాకు సైటు వల్ల అన్నం పెట్టే లాభం ఒకటుంది. అది సౌండ్ వాళ్ల కాగితం. ఎన్ని చానెళ్లు కావాలి, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ వాయిద్యానికి మైకు, దేనికి డీఐ బాక్సు అన్నీ రాసి నిర్వాహకులకి పంపాలి. మేము దాన్ని ఫోటో తీసి ఫోన్లలో పంపేవాళ్లం. వరంగల్‌లో ఒక కాలేజీ ఉత్సవానికి వెళ్తే, ఎవరో ఎప్పుడో పంపిన పాత ఫోటో ప్రకారం వేదిక కట్టి ఉంది. మమ్మల్ని వదిలి వెళ్లిపోయిన కీబోర్డ్ ఆయనకి స్టాండు, రెండు లైన్లు సిద్ధంగా ఉన్నాయి. కొత్తగా చేరిన డప్పుకి మైకే లేదు. సౌండ్ చెక్‌లో నలభై నిమిషాలు పోయాయి, రెండు పాటలు మానుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరడిగినా ఒకే లింకు. పద్నాలుగు చానెళ్లు పన్నెండైన రోజే అక్కడ పన్నెండు అని మారుతుంది.

పాటల సాహిత్యం విషయంలో మాత్రం నా తప్పు నన్ను చాలాకాలం బాధపెట్టింది. మొదట్లో సాహిత్యాన్ని తెలిసిన డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించి, బొమ్మలుగా సైటులో పెట్టాను. చూడటానికి చక్కగా ఉండేది. కానీ బొమ్మలోని అక్షరం అప్పటి వెతుకులాటకి చిక్కేది కాదు. పాటలో ఒక మాట గుర్తున్నవాడు తెలుగులో ఆ మాట కొడితే మా పేజీ కనిపించేది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుదామంటే మన పాట పేర్లని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ముప్పై నాలుగు పాటల్నీ యూనికోడ్‌లో కూర్చుని మళ్లీ టైపు చేశాను. ఒక వేసవి పట్టింది. టైపు చేస్తుంటేనే ఇంకొక సంగతి మనసులో పడింది. మేము పాడేవాటిలో తొమ్మిది మా పాటలు కావు, ఎవరో నేర్పినవి. పాటల యాప్‌లో వాటికి దొరికే చోటు ఎంత? గాయకుడు, స్వరకర్త, రచయిత. రచయిత దగ్గర "జానపదం" అని ఒక్క మాట. పాటని ఇన్నేళ్లు గుండెలో మోసిన మనిషి పేరు రాయడానికి అక్కడ గడే లేదు. మా సైటులో గడులు మేమే గీసుకుంటాం. అందుకని ఒక్కో పాట కింద ఎవరు నేర్పారు, ఏ ఊళ్లో, ఏ నెలలో అని రాశాను. ఒప్పుకున్నవాళ్ల గొంతు రికార్డు కూడా పెట్టాను.

గజపతినగరం దగ్గరి ఒక పల్లెలో 2016 డిసెంబరులో ఒక పెద్దావిడ మాకు నాట్ల పాట నేర్పింది. అరుగు మీద కూర్చుని, కాలితో నేల మీద తాళం వేస్తూ ఏడు నిమిషాలు పాడింది. మధ్యలో రెండుసార్లు దగ్గు, పక్కన కోడి అరుపు. ఫోనులో పట్టిన ఆ రికార్డుని ఉన్నది ఉన్నట్టే పెట్టాం.

మొన్న మార్చిలో విశాఖపట్నం నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. ఏమీ తోచక ఒక రాత్రి తన ఊరి పేరుని తెలుగులో కొట్టి వెతికితే మా పేజీ వచ్చిందట. కింద ఆవిడ పేరుంది. "ఆవిడ మా మామ్మండీ. పోయి మూడేళ్లయింది. మా ఇంట్లో ఫోటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు. మా నాన్నగారికి వినిపించాను" అని రాశాడు. చివర ఇంకో మూడు వాక్యాలు: "ఒక్క మాట, ఏమీ అనుకోకండి. రెండో చరణంలో మీరు గడ్డ అని రాశారు. అది గడ్డ కాదండీ, గెడ్డ."

గెడ్డ అంటే ఉత్తరాంధ్రలో వాగు. నీళ్లు దాటి నాట్లకి పోయే ఆడవాళ్ల పాటని, హైదరాబాదులో కూర్చుని మేము ఇన్నేళ్లూ నేల పాటగా పాడుతున్నాం. ఆ రాత్రే సైటులో అక్షరం దిద్దాను. కింద ఆయన అనుమతితో, మాట సరిచేసింది మనవడు అని చేర్చాను. యూట్యూబులో ఉన్న వీడియోలో మాట మార్చడం కుదరదు. తీసేసి కొత్తది ఎక్కిస్తే లింకూ మారుతుంది, చూసినవాళ్ల లెక్కా మళ్లీ మొదటికి వస్తుంది. అందులో గడ్డ అలాగే ఉంది.

పోయిన ఆదివారం ప్రాక్టీసులో ఈ ఉత్తరం చదివి వినిపించాను. మా డ్రమ్మర్ ఆ పేజీ తెరిచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఏడు నిమిషాలూ విన్నాడు. మళ్లీ మొదటినుంచి పెట్టి, ఆవిడ కాలి దెబ్బకి తగ్గట్టు మోకాలి మీద వేళ్లతో కొట్టుకుంటూ ఇంకోసారి విన్నాడు.

"అన్నా, మనం శాన ఉరుకుతున్నం" అన్నాడు.

మెట్రోనోమ్‌ని నూట పన్నెండు నుంచి తొంభై ఆరుకి దించాం. గెడ్డ అని పాడి చూశాం.