గోడలు కదలకుండానే ఇరుకైన గది

సిడ్నీ లుమెట్ తీసిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' (1957)ని కోర్టు సినిమా అంటాం గానీ, అందులో కోర్టు హాలు కనిపించేది మొదట్లో కాసేపే. మిగతా గంటన్నరలో దాదాపు అంతా జ్యూరీ గదిలోనే, ఒక పొడుగాటి బల్ల చుట్టూ నడుస్తుంది. తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడు దోషా కాదా అన్నది పన్నెండు మంది తేల్చాలి. ఫ్లాష్‌బ్యాక్ లేదు, హత్య చూపించరు. అయినా చూస్తున్నకొద్దీ మనకే ఉక్కపోస్తుంది. సంభాషణల గొప్పతనం గురించి అందరూ చెబుతారు. నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఆ ఉక్కపోతను పుట్టించిన పనితనం.

రచయిత రెజినాల్డ్ రోజ్ న్యూయార్క్‌లో ఒక నరహత్య కేసులో స్వయంగా జ్యూరీలో కూర్చున్నాడు. ఆ అనుభవంలోంచి రాసిన నాటకం 1954 సెప్టెంబరు 20న సీబీఎస్ టీవీలో ప్రత్యక్ష ప్రసారమైంది. తర్వాత హెన్రీ ఫోండా, రోజ్ కలిసి దాన్ని సినిమాగా నిర్మించారు. టీవీలో రాటుదేలిన లుమెట్‌కు ఇదే తొలి సినిమా.

ఒకే గదిలో తీస్తే విసుగు పుట్టదా అని ఎవరికైనా అనిపిస్తుంది. లుమెట్ మాత్రం ఆ గదిని ఇంకా ఇరుకు చెయ్యాలనుకున్నాడు, అదీ గోడలు జరపకుండా. మొదటి మూడోవంతులో కెమెరా నటుల కంటి ఎత్తుకు పైన ఉంటుంది. రెండో భాగంలో కంటి ఎత్తుకు దిగుతుంది. చివరి భాగంలో ఇంకా కిందికి దిగి తల ఎత్తి చూస్తుంది. అందుకే పోనుపోను గది పైకప్పు కూడా కనబడుతుంది. ఎత్తుతో పాటు లెన్స్‌లూ మారాయి. కథ నడిచేకొద్దీ ఫోకల్ లెంగ్త్ పెంచుకుంటూ పోయారు. అలాంటి లెన్స్‌లో వెనకున్నది దగ్గరికి జరిగినట్టు ఉంటుంది, మనిషికీ గోడకూ మధ్య ఖాళీ కరిగిపోతుంది. వాళ్లు కోర్టు బయటికొచ్చే ఆఖరి షాట్‌కు మాత్రం సినిమా మొత్తంలో అన్నిటికన్నా వైడ్ లెన్స్ వాడి, కెమెరాను బాగా పైకెత్తాడు. అక్కడ మన ఊపిరి తేలికపడేది అందుకే.

తీసిన పద్ధతి ఇంకా ఆశ్చర్యం. డబ్బు తక్కువ, సమయం సుమారు మూడు వారాలు. లైట్లు మాటిమాటికీ మార్చే వీల్లేదు. అందుకని ఒక వైపు లైటింగ్ కుదిరాక, ఆ వైపు కుర్చీల షాట్లన్నీ కథలో ఎక్కడివైనా సరే ఒకేసారి తీసేశారు. అలా గదిని మూడుసార్లు చుట్టారు: మామూలు వెలుగులో ఒకసారి, మబ్బు పట్టినప్పుడు ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి. జ్యూరీ సభ్యులుగా నటించిన ఫోండా, లీ జె. కాబ్ ఎదురెదురుగా వాదించుకునే చోట ఒకరి షాట్లకూ మరొకరి షాట్లకూ మధ్య వారం గడిచింది. కోపం ఏ మెట్టు మీద ఆగిందో ఆ మెట్టు మీదే మళ్లీ అందుకోవాలి. అంతకుముందు చేసిన రెండు వారాల రిహార్సల్స్ లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. అన్ని కోణాలకూ వెలుగు ఒక్కటిగా కుదిర్చిన ఛాయాగ్రాహకుడు బోరిస్ కాఫ్‌మన్‌ను కూడా ఇక్కడ తలుచుకోవాలి.

ఈ సినిమాకు బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ వచ్చింది గానీ, నామినేషన్ దక్కిన మూడు ఆస్కార్లూ 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'కే పోయాయి. న్యాయశాస్త్రం ప్రకారం ఈ జ్యూరీ కథలో లోపాలూ ఉన్నాయి. ఒక జ్యూరీ సభ్యుడు వాదన కోసం బయటినుంచి కత్తి కొని తేవడం నిబంధనలకు విరుద్ధం. మన దేశంలో జ్యూరీ పద్ధతి పోయాక, 1986లో బాసు ఛటర్జీ ఇదే కథను హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా తీస్తే అదీ నిలబడింది. సందేహించే హక్కు ఏ దేశంలోనైనా అర్థమవుతుంది మరి.

చేతిలో ఒక గది, కాస్త డబ్బు మాత్రమే ఉన్న మన కుర్ర దర్శకులు ఈ సినిమాను రెండోసారి శబ్దం ఆపేసి చూడాలి. కెమెరా ఎక్కడ కిందికి దిగిందో, గోడ ఎప్పుడు దగ్గరైందో రాసుకుంటూ చూడండి.