ఈలకు ముందు పరుగు

ఈమధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే నా చూపు బంతిని వదిలేసి రిఫరీ కాళ్ల మీదికి పోతోంది. గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నేలోపే మంచి రిఫరీ అది పడబోయే చోటికి బయల్దేరి ఉంటాడు. వింగర్ తల ఎత్తి బాక్స్ వైపు చూశాడంటే క్రాస్ వస్తుందని ఆయనకు అర్థమవుతుంది. ఇక ఆయన కళ్లు బంతి మీద ఉండవు, బాక్స్‌లో తోసుకుంటున్న వాళ్ల చేతుల మీద ఉంటాయి. 2002 ప్రపంచ కప్ ఫైనల్ నడిపిన ఇటలీ రిఫరీ కొలీనా మ్యాచ్‌కు ముందే రెండు జట్ల ఆటతీరునూ శ్రద్ధగా చదువుకునేవాడు. ఆ ముందుచూపు అలా వచ్చిందే.

దగ్గరుంటే చాలు, అన్నీ కనబడతాయనుకుంటాం. ఇద్దరు ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరుంటే పక్కనే నిలబడ్డా కాలు తగిలిందో లేదో తెలియదు. వాళ్లిద్దరి మధ్య సందు కనబడాలి. దానికోసం ఒక్కోసారి రెండడుగులు పక్కకు జరిగితే చాలు, ఇరవై గజాలు పరిగెత్తక్కర్లేదు. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం ఆ రెండడుగులే. మరీ దగ్గరికి పోతే పాస్‌కు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. రిఫరీకి తగిలిన బంతి గోల్లోకి పోయినా, అవతలి జట్టుకు చిక్కినా ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలని 2019లో నిబంధనే మార్చారు.

మైదానంలో ఐమూలగా పరిగెత్తే పద్ధతిని స్థిరపరచినవాడు ఇంగ్లండ్ రిఫరీ స్టాన్లీ రౌస్. తర్వాత ఫిఫా అధ్యక్షుడూ అయ్యాడు. రిఫరీ ఒక వైపు, లైన్‌మన్ ఎదుటి వైపు ఉంటే ఆట ఎప్పుడూ రెండు జతల కళ్ల మధ్యే నడుస్తుంది.

ఎంత నేర్చినా కాళ్లు చేరలేని చోటు ఒకటుంది. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ బాక్స్ బయటినుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీత దాటి పడింది. గోల్ ఇవ్వలేదు. ఆఫ్‌సైడ్ కోసం డిఫెండర్ల వరసలో ఉండాల్సిన లైన్‌మన్ అంత వేగంగా గోల్‌లైన్ దగ్గరికి ఎలా చేరతాడు? ఆయన్ను తిట్టడం అన్యాయం. 2014 ప్రపంచ కప్‌కు గోల్‌లైన్ టెక్నాలజీ వచ్చింది.

మన ఊళ్లలో జరిగే స్కూలు, కాలేజీ టోర్నమెంట్లకు అలాంటి యంత్రాలు రావు. అక్కడ రిఫరీకి దిక్కు తన కాళ్లూ కళ్లే. ఆయన మీద కేకలు వేసే ముందు, ఆ క్షణంలో ఆయన ఎక్కడ నిలబడ్డాడో చూడండి.