సద్ది వేళ విందు

వంటల జాబితా కూడా చదవదగ్గ రచనే. కథనో కవితనో అడిగే ప్రశ్నలే దాన్నీ అడగొచ్చు. ఇందులో ఎవరి కోరిక ఉంది? ఎవరి శ్రమ కనబడకుండా పోయింది?

ఒక చలికాలం ఆదివారం పుంగనూరు నుంచీ కుప్పం నుంచీ స్నేహితురాళ్ళు మదనపల్లెలో మా ఇంటికి వస్తామన్నారు. బస్సులు దిగి ఇల్లు చేరేసరికి పదిన్నర. టిఫినుకి ఆలస్యం, భోజనానికి తొందర. "బ్రంచ్ పెట్టెయ్‌మ్మా" అన్నారు పిల్లలు. ఈ మాటని 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా సరదాగా గడిపినవాళ్ళు ఆదివారం పొద్దున్నే లేవక్కర్లేదన్నది ఆయన వాదన. తినేవాళ్ళు లేవక్కర్లేదు సరే, మరి వండేవాళ్ళు?

మా వైపు ఆ వేళ తిండికి పాత పేరే ఉంది, సద్ది. కూలికి పోయిన ఆడవాళ్ళు పని మధ్యలో గట్టున కూర్చుని తినే రాత్రి సంగటి, మజ్జిగ, ఎర్రగడ్డ. వేళ ఒకటే. ఒక మాటలో తీరిక ఉంది, ఇంకో మాటలో తీరిక లేకపోవడం ఉంది.

నేను రాసిన జాబితాలో నాలుగే మాటలు: దోసెలు, ఊరిబిండి, పితికిపప్పు, ఓళిగలు. విప్పి చదివితే అది శనివారం మధ్యాహ్నమే మొదలవుతుంది. బియ్యం, మినప్పప్పు నానెయ్యాలి, రాత్రికి రుబ్బాలి. అనపకాయలు ఒలిచి గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనీ వేళ్ళ మధ్య పితికి తోలు తియ్యాలి. ఓళిగలకి పప్పు ఉడకాలి, బెల్లంతో పూర్ణం కావాలి, ఒక్కోటీ తట్టి కాల్చాలి. దోసె వేడిగా ఉంటేనే దోసె. కాబట్టి పెనం దగ్గరున్న మనిషి స్నేహితులతో కూర్చోలేదు. ఇక గిన్నెలు తోమే ఆమెకి ఆ ఆదివారం పని రెట్టింపు. జాబితాలో ఆమెకి ఒక్క అక్షరం కూడా లేదు.

ఇలా చదవడం నాకు మన సాహిత్యమే నేర్పింది. 'ఇల్లలకగానే పండగ కాదు' అన్న సామెతలోంచి పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ రాశారు. అందులో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. విమల 'వంటిల్లు' కవిత ఆ గదినే కూలగొట్టమంది. అయితే ఈ రెండూ చదివాక కూడా నాకొక చిక్కు మిగిలింది. రోజువారీ వంటని చాకిరీ అని పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నాం. అతిథుల రోజు వంట అలా దొరకదు. అది ప్రేమలాగా, ఇంటి పరువులాగా వస్తుంది. మనకే ఇష్టం కూడా. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ 299లో ఇష్టంగా చేసినవీ ఉంటాయి. ఇష్టం నిమిషాలని తగ్గించదు.

అందుకని జాబితా మార్చాను. ఓళిగలు కొట్టేశాను. అనపగింజలు నానబెట్టడం వరకే నా పని, పితకడం వచ్చినవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకుంటూ చేసేది. పెనం దగ్గర మావారు, పిల్లలు వంతులవారీగా. ఎవరి గిన్నె వాళ్ళదే. ప్రతి వంటకం పక్కనా ఒక పేరు రాశాను.

ఆ పేర్లు ఎందుకంటే, మా ఊరి చరిత్రే చెబుతుంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి అతిథిగా వచ్చి, ఇక్కడే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. దాని బాణీకి స్వరాలు రాసిన మార్గరెట్ కజిన్స్ 1917లో భారత మహిళా సంఘం స్థాపకుల్లో ఒకరు, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి. మనం ఆ కథ చెప్పుకునేటప్పుడు ఠాగూరు పేరు ముందొస్తుంది, ఆమె పేరు గుర్తొస్తే వస్తుంది. ఆ రోజుల్లో అతిథికి ఎవరు వండిపెట్టారన్న ప్రశ్న మాత్రం రానే రాదు.