సున్నపు తేటలో మోలారిటీ

కొండపల్లి బొమ్మకు రంగు కంటే ముందు తెలుపు పడుతుంది. తెల్లపొణికి కర్రను సన్నటి సెగ మీద ఆరబెట్టి, చెక్కి, తలా చేతులూ విడిగా తయారుచేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో నున్నగా రాసి సున్నం పూస్తారు. అది ఆరాకే దశావతారాలకైనా, ఏనుగు అంబారీకైనా రంగులు.

ఆ సున్నం ఎంత చిక్కగా ఉండాలో కుంచె చెబుతుంది. పల్చనైతే కింద కర్ర చార కనబడుతుంది, మరీ చిక్కనైతే ఆరాక పెచ్చులు లేస్తుంది. ఈ పనికి కొలజాడీ అక్కర్లేదు. కానీ అదే సున్నం బకెట్టును రాత్రంతా కదపకుండా ఉంచితే ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో పిల్లల్ని తిప్పలు పెట్టే మోలారిటీ పాఠం మొత్తం అందులో దొరుకుతుంది.

తెల్లారేసరికి సున్నం అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. చిక్కటి బకెట్టులో తేట ఘాటుగా, పల్చటి బకెట్టులో నీరసంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అడుగున కాస్త సున్నం మిగిలి ఉన్నంతవరకూ రెండింట్లో తేట ఒక్కటే! మన వాతావరణంలో లీటరు నీళ్లు సుమారు ఒకటిన్నర గ్రాముల సున్నాన్నే కరిగించుకుంటాయి. ఇంకో పిడికెడు వేసినా అదంతా అడుగునే. నీళ్లు మరగబెడితే పంచదార ఎక్కువ కరుగుతుంది గానీ సున్నం తిరకాసుది, మరిగే నీళ్లలో దాదాపు సగమే నిలుస్తుంది. చిక్కదనం కంటికి ఆనేది. గాఢత నీళ్లలో నిజంగా కరిగి ఉన్నది ఎంతో చెప్పేది.

ఆ గాఢతను గ్రాముల్లో చెప్పి ఊరుకోవచ్చు కదా, మోలారిటీ ఎందుకు? దీనికి జవాబు పుస్తకంలో కంటే నిమ్మతోటలో బాగా దొరుకుతుంది. తెగుళ్లకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి లెక్క కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. తూకంలో రెండూ సమానం. మైలుతుత్తం ఒక మోల్ 249.7 గ్రాములు, తడిసి విరిసిన సున్నం ఒక మోల్ 74 గ్రాములు. అంటే కిలో మైలుతుత్తంలో 4 మోల్‌లే ఉంటే కిలో సున్నంలో పదమూడున్నర. అణువుల లెక్కలో సున్నం మూడింతలకు పైగా ఎక్కువ. మిశ్రమంలో ముంచిన కత్తికి రాగి పూత పడితే ఇంకాస్త సున్నం కలపాలని రైతుకు తెలుసు. రసాయనచర్యకు తూకంతో పనిలేదు, ఎన్ని అణువులకు ఎన్ని అన్నదే దానికి కావాలి. ఆ లెక్కింపుకు పెట్టుకున్న కట్ట మోల్, ఒక్కో కట్టలో 6.022 × 10²³. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లున్నాయో అదే మోలారిటీ. మన తేటలో ఒకటిన్నరను 74తో భాగిస్తే 0.02 మోలార్.

ప్రయోగశాలలో ఈ అంకెను పట్టుకునే పద్ధతికి ఒక వరస ఉంది. సున్నాన్ని కొలవడానికి ఆమ్లం కావాలి, ఆమ్లం సంగతి తేల్చడానికి సోడియం కార్బనేట్ కావాలి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాలో సుమారు 12 మోలార్ ఉంటుంది, మూత తీసిన ప్రతిసారీ పొగ కక్కి కొంత పోతుంది కాబట్టి దాన్ని నమ్మి లెక్క కట్టలేం. నిర్జల సోడియం కార్బనేట్ మాత్రం తూకానికి నిలబడుతుంది. 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ ద్రావణానికి 106ను 0.05తో, ఆపైన 0.25తో గుణించి 1.325 గ్రాములు తూచాలి. బీకరులో కొద్ది నీళ్లతో కరిగించి గరాటా మీదుగా కుప్పెలో పోసి, బీకరునూ గరాటానూ కడిగిన నీళ్లు కూడా అందులోనే పోయాలి. తర్వాత గీత దాకా నీళ్లు నింపాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి అందులో పొడి వెయ్యడం వేరు, పొడి కరిగాక మొత్తాన్ని 250కి తేవడం వేరు. మోలారిటీ మొత్తం ద్రావణం లెక్క. కన్ను గీతకు సమానంగా పెట్టి నీటి వంపు అడుగుభాగం గీతను తాకేలా చూడాలి.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. మన దేశపు కుప్పెల మీద తరచుగా 27 డిగ్రీలని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో బెజవాడ గదిలో 42 డిగ్రీలుంటే అదే ద్రావణం వ్యాకోచించి మోలారిటీ సుమారు అర శాతం తగ్గుతుంది. పరీక్షకు అది పట్టించుకోనక్కర్లేదు, మందుల కంపెనీకి పట్టించుకోక తప్పదు.

ఇప్పుడు తేట దగ్గరికి వద్దాం. వడపోసి వెంటనే మూత పెట్టాలి, లేకుంటే గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పైన తెట్టు కడుతుంది. బొమ్మ మీద సున్నం గట్టిపడేదీ ఆ చర్యతోనే. పిపెట్‌తో 25 మిల్లీలీటర్లు తీసి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. సోడియం కార్బనేట్ ద్రావణంతో ముందే గాఢత తేల్చుకున్న 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి చుక్కలు చుక్కలుగా వదలాలి. సుమారు 20 మిల్లీలీటర్ల దగ్గర ఒక్క చుక్కతో రంగు పోతుంది. పడిన ఆమ్లం 0.001 మోల్. ఒక సున్నానికి రెండు ఆమ్లాలు కాబట్టి సున్నం 0.0005 మోల్. దాన్ని 0.025 లీటర్లతో భాగిస్తే మళ్లీ 0.02. ఒకటికి రెండు అన్న ఈ మెట్టును మరిచిపోతే జవాబు రెట్టింపవుతుంది. సూత్రం బట్టీపట్టిన పిల్లలు జారేది సరిగ్గా ఇక్కడే.

బొమ్మలు చేసేవారికి మోలారిటీ అవసరమని నేననను. పూతలోని సున్నంలో ఎక్కువ భాగం కరగకుండా తేలుతున్న పొడే, దానికి కుంచె లెక్కే సరైనది. అవసరం మన పిల్లలకు. ఎంపిక ప్రశ్నలను అర నిమిషంలో తేల్చే విజయవాడ విద్యార్థుల్లో ఎంతమంది ఒక ద్రావణాన్ని తమ చేత్తో గీత దాకా నింపారో కాలేజీలే చెప్పాలి. కొండపల్లి అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. కెమిస్ట్రీ లెక్చరర్లకు నా మనవి ఒక్కటే: ఈ ఏడాది మొదటి ప్రాక్టికల్ సున్నపు తేటతో చేయించండి. సున్నం కళ్లలో పడకుండా అద్దాలు మాత్రం పెట్టించండి.